కాటన్ దొర మలిజీవితం

గోదావరి జిల్లాల రైతులు సర్ ఆర్థర్ కాటన్‌ను కాటన్ దొర అని ఆదరంగా పిలుచుకుంటారు. 1803 మే 15న ఇంగ్లండులో పుట్టిన ఈ ఇంజనీరు చిన్న వయసులోనే మద్రాసుకు వచ్చారు. తంజావూరు పొలాల కోసం 1836లో కొల్లిడం నదిపై ఆనకట్ట కట్టించారు. ధవళేశ్వరం వద్ద 1847లో మొదలైన గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయింది. కరవుతో, వరదలతో చితికిపోయిన డెల్టా పచ్చబడింది. 1858లో మహానది ప్రాంతాన్ని చూసి ఒరిస్సాకూ కాలువల పథకం వేశారు. ఇవి చాలామందికి తెలిసిన సంగతులే. ఆ తరువాతి జీవితం గురించే అంతగా తెలియదు.

1860లో ఉద్యోగం విరమించేనాటికి ఆయనకు 57 ఏళ్ళు. మరుసటి ఏడాది 'సర్' బిరుదు వచ్చింది. పడుచుతనంలోనే జ్వరాలతో ఆరోగ్యం దెబ్బతిని, పలుమార్లు సెలవు మీద వెళ్ళవలసి వచ్చిన మనిషి. ఇక సుఖంగా కాలు చాపుకొని కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. కాని ఆయన మనసు భారతదేశపు నదుల మీదనే ఉండిపోయింది.

1876-78 కరవులో దక్షిణాదిన లక్షలాదిమంది చనిపోయారు. 1878లో పార్లమెంటు సంఘం ఒకటి భారతదేశపు ప్రజాపనులను విచారించింది. 75 ఏళ్ళ కాటన్ దాని ముందు నిలబడి, రైలుమార్గాలకన్నా కాలువలే ముఖ్యమని వాదించారు. రైలు సరుకులను మాత్రమే మోస్తుంది. కాలువ పడవలనూ నడుపుతుంది, పొలాన్నీ తడుపుతుంది. ఇదీ ఆయన వాదన. ఆయన లెక్కల్లో కొంత అత్యాశ లేకపోలేదు. ఒక కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ అప్పటికే నష్టాల్లో ఉంది. అది ఎదుటివారికి ఆయుధమైంది. సంఘం ఆయన మాటను ఒప్పుకోలేదు. జీవితమంతా నమ్మిన విషయాన్ని కాదన్నప్పుడు ఆ వయసులో ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అయినా కాటన్ రాయడం, వాదించడం మానలేదు.

ఇంకో వింత చూడండి. 1876లో, 73వ ఏట, ఆయన అరబ్బీ భాషకు వాచకం ప్రచురించారు! కేవలం 30 ముఖ్యమైన మాటలతో అల్లిన 180 చిన్న వాక్యాలు అందులో ఉన్నాయి. వ్యాకరణంతో మొదలుపెట్టకుండా నోటితో పలుకుతూ భాష నేర్చుకోవాలన్నది ఆయన పద్ధతి. నదులకు అడ్డుకట్టలు వేసిన చేతులు పిల్లల వాచకం వంటి పుస్తకం రాశాయి.

చివరి సంవత్సరాలలో ఆయన డార్కింగ్ అనే ఊళ్ళో ఉండేవారు. అక్కడి తోటలో ఆయనకు కొత్త పని దొరికింది. నేలను బాగా లోతుగా తవ్వి గుల్లచేస్తే గాలి, నీరు వేళ్ళకు అంది పంట పెరుగుతుందని నమ్మి, గోధుమ వేసి పరీక్షించారు. ఒకనాడు లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చిన ఇంజనీరు తొంభయ్యో పడి దగ్గర పడుతుండగా చిన్న మడిలో మొలకలు చూసుకుంటూ మురిసిపోయారు.

1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో, ఆయన డార్కింగ్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఉద్యోగం విడిచి 39 సంవత్సరాలయింది.