రంగు తేలని లంచం

దామోదరం సంజీవయ్యను ఏటా ఫిబ్రవరి 14న తొలి దళిత ముఖ్యమంత్రిగా స్మరించి సరిపెట్టుకుంటున్నాం. ఆయన నెలకొల్పిన అవినీతి నిరోధక శాఖకూ కులప్రశ్నకూ గల సంబంధాన్ని ఎవరైనా చర్చించగా నేను చదవలేదు.

1921లో కర్నూలు సమీపాన పెదపాడులో నిరుపేద మాల కుటుంబంలో జన్మించి, పసికందుగానే తండ్రిని కోల్పోయిన సంజీవయ్య, న్యాయశాస్త్రం చదివి 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి నలభై నిండలేదు. వృద్ధాప్య పింఛన్లు, బంజరు భూముల పంపిణీ అందరికీ తెలిసినవే. అవినీతి నిరోధక శాఖ 1961లో వచ్చింది. భూమి పంచిన చేయే ఈ శాఖనూ స్థాపించడం యాదృచ్ఛికమని నేననుకోను.

వాడరేవులో ఇంటిస్థలం పట్టాకై ఏళ్లతరబడి తిరిగిన మత్స్యకార కుటుంబం నాది. కుర్చీలో తన కులంవాడున్న దరఖాస్తుదారుకు మాటసాయంతో పని జరిగేది. మాకు ధర చెప్పేవారు. లంచమంటే బంధుబలం లేనివారు కట్టే శిస్తు!

అయితే ఆ శాఖ పన్నే ఉచ్చుకూ ఒక హద్దుంది. ఫినాఫ్తలీన్ పొడి అద్దిన నోటు పట్టిన వేళ్లను సోడా ద్రావణంలో ముంచితే గులాబీరంగు తేలుతుంది. కులం సిఫార్సుకు ఏ రంగూ తేలదు. పైగా దొరికిన ఉద్యోగిని న్యాయస్థానంలో విచారించాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ దస్త్రం ఆగేది మళ్లీ బంధుత్వాల బల్లమీదే.

సంజీవయ్య పాలన 1962 మార్చిలో, ఇరవై ఆరు నెలలకే ముగిసింది. అనంతరం కాంగ్రెస్ అధ్యక్షులుగా, కేంద్ర కార్మికమంత్రిగా పనిచేసి 1972లో కన్నుమూశారు. ఇంతవరకూ రెండు తెలుగు రాష్ట్రాలలో మరో దళితుడు ముఖ్యమంత్రి కాలేదు.