ఉత్తరజ్యోతి వెంట ఒక జీవితం: క్రిస్టియన్ బిర్కెలాండు

నాగర్‌కర్నూలు జిల్లాలోని కోడేరులో ఒక నిర్మలమైన రాత్రి ఉత్తరదిక్కుగా నిలిచి చూచే విద్యార్థికి ధ్రువనక్షత్రం దిగంతానికి సుమారు 16 డిగ్రీల ఎత్తున మాత్రమే, చెట్ల కొమ్మలకు కొంచెం పైగా కనబడుతుంది. ఉత్తరానికి పోయినకొద్దీ ఆ చుక్క పైకి లేస్తుంది. నార్వే దేశపు ఉత్తరాగ్రాన అది 70 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. అక్కడ నడిశీతకాలంలో రెండు నెలలపాటు సూర్యుడు ఉదయించడు. ఆ దీర్ఘరాత్రులలో ఆకాశాన ఆకుపచ్చని వెలుగు తెరలు వ్రేలాడుతాయి, అలలవలె ఊగుతాయి, అంచున ఎరుపెక్కి మాయమవుతాయి. దానికే ఉత్తరజ్యోతి అని పేరు. ఆ తెరను ఊపుతున్న శక్తి ఏదన్న ప్రశ్నకు సమాధానం వెదకడంలో తన ధనాన్నీ, ఆరోగ్యాన్నీ, ఆయువునూ వెచ్చించిన శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండు.

ఆయన 1867 డిసెంబరు 13న నార్వే రాజధాని క్రిస్టియానియాలో జన్మించినాడు. ఆ నగరానికే నేడు ఆస్లో అని పేరు. బాల్యంలో తన సొంత డబ్బుతో కొనుక్కున్న మొదటి వస్తువు ఒక అయస్కాంతమని చెబుతారు. అది మొదలు అయస్కాంతం ఆయన జీవితాన్ని విడువలేదు. స్వదేశంలో విద్య ముగించి, పారిస్‌లో పోంకారే వద్ద, బాన్ నగరంలో హెర్ట్జ్ వద్ద కొంతకాలం పరిశ్రమ చేసినాడు. 1895లో మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలకు ఒక సామాన్య పరిష్కారం ప్రకటించినాడు. 1898లో, ముప్పదియేండ్ల ప్రాయాన, తన విశ్వవిద్యాలయంలోనే ఆచార్యపదవి అధిష్ఠించినాడు.

అప్పటికి రెండేండ్ల క్రితమే, 1896లో, ఆయన ఒక సాహసోపేతమైన ఊహ చేసినాడు. గాలి తీసివేసిన గాజుగొట్టంలో ఋణధ్రువం నుండి వెలువడే కిరణాలు అయస్కాంతం వైపు ఒదిగి, దాని కొనవద్ద గుమిగూడడం ఆయన చూచినాడు. సూర్యుడు కూడ ఇట్టి విద్యుత్కణాలను వెదజల్లుతున్నాడనీ, భూమి ఒక పెద్ద అయస్కాంతం కనుక అవి ధ్రువప్రాంతాలకు ఈడ్వబడి, పైగాలిని తాకి వెలిగిస్తున్నాయనీ ఆయన భావించినాడు. కాని అంతకు నాలుగేండ్ల ముందే, 1892లో, భూమిమీది అయస్కాంత తుఫానులకు సూర్యుడు కారణం కాజాలడని లార్డ్ కెల్విన్ తీర్పు చెప్పియున్నాడు. అంతటివాని మాటకు ఎదురు నిలవాలంటే ఊహ చాలదు, కొలతలు కావాలి.

కొలతలకోసం బిర్కెలాండు మంచుకొండలెక్కినాడు. నార్వే ఉత్తరాన, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన హాల్డే శిఖరం మీద రాతికట్టడంతో ఒక పరిశోధనాలయం వెలసింది. 1899 శీతకాలమంతా ఆయనా సహచరులూ అక్కడ గడిపినారు. తుఫాను గాలికి మనిషి నిలువలేడు. మంచు తలుపులను పూడ్చివేస్తుంది. ఆ దీక్షకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఎలిసార్ బోయె అనే యువ సహాయకుడు 1900లో హిమపాతం క్రింద చిక్కి మరణించినాడు. అయినా పని ఆగలేదు. 1902-03లో నార్వే, ఐస్‌లాండు, స్పిట్స్‌బెర్గెన్, నోవాయా జెమ్ల్యా అనే నాలుగు చోట్ల ఏకకాలంలో సూచికలు నెలకొల్పి, అయస్కాంత తుఫానుల వివరాలన్నీ సేకరించినాడు. జ్యోతి వెలిగే ప్రాంతంపైన లక్షల ఆంపియర్ల విద్యుత్ప్రవాహం సాగుతున్నదనీ, అది అంతరిక్షం నుండి అయస్కాంత రేఖల వెంట దిగివచ్చి, కొంతదూరం అడ్డంగా పారి, తిరిగి పైకే పోతున్నదనీ ఆయన తేల్చినాడు.

ఆ తరువాత ఆయన ప్రయోగశాలలోనే ఒక చిన్న భూగోళాన్ని సృష్టించినాడు. దాని పేరు టెర్రెల్లా. లోపల విద్యుదయస్కాంతం, పైన కిరణం తాకితే మెరిసే పూత. దానిని శూన్యపేటికలో ఉంచి విద్యుత్కిరణాలను ప్రసరింపజేయగా, రెండు ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు ప్రత్యక్షమైనాయి.

ఇంతటి పరిశోధనకు ధనం ఎక్కడిది? ధనార్జనకోసం ఆయన విద్యుచ్ఛక్తితో పనిచేసే ఒక ఫిరంగిని నిర్మించినాడు. 1903లో సభాసదుల ఎదుట జరిపిన ప్రదర్శనలో అది కాస్తా భగ్గుమని, పెళపెళమని విఫలమైంది. కాని ఆ వైఫల్యంలో కనిపించిన విద్యుజ్జ్వాలనే ఆయన ఉపాయంగా మలచినాడు. సామ్ ఐడే అనే ఇంజనీరుతో కలసి, అట్టి జ్వాలలో గాలిలోని నత్రజనిని ఆమ్లజనితో కలిపి ఎరువు తయారుచేసే పద్ధతిని కనిపెట్టినాడు. దాని ఫలితంగా 1905లో నార్స్క్ హైడ్రో అనే సంస్థ ఏర్పడింది. ఆకాశపు మెరుపును పట్టి పొలానికి ఎరువు చేసిన ఘనత అది. నోబెల్ బహుమానానికి ఆయన పేరు పలుమార్లు ప్రతిపాదింపబడినా, అది ఆయనకు దక్కలేదు.

శాస్త్రలోకపు ఆదరణ కూడ అంతంతమాత్రమే. సూర్యుని నుండి వచ్చే ఋణకణాలు ఒకదాని నొకటి తరుముకొని మార్గమధ్యంలోనే చెదరిపోవలెనని షుస్టర్ ఆక్షేపించినాడు. తరువాతి తరంలో సిడ్నీ చాప్‌మన్ ఆ ప్రవాహాలన్నీ పైగాలిలోనే చుట్టు తిరుగుతాయి గాని అంతరిక్షం నుండి దిగిరావని వాదించినాడు. నిజానికి నేలమీది సూచికలు ఈ రెండింటిలో ఏది సత్యమో తేల్చలేవు. రెండు విధాలైన ప్రవాహాలూ నేలమీద ఒకే తీరు ఫలితాన్ని చూపగలవు. తేల్చాలంటే కొలిచే పరికరం ఆ ప్రవాహంలోకే పోవాలి. ఆనాడు అందుకు మార్గం లేదు.

బిర్కెలాండు గృహజీవితం సుఖప్రదం కాలేదు. 1905లో జరిగిన వివాహం కొన్నేండ్లకే విచ్ఛిన్నమైంది. నిద్రలేమి పీడించగా వెరోనాల్ అనే నిద్రమందుకు అలవాటుపడినాడు. 1913లో రాశిచక్రకాంతిని పరిశీలించడానికి ఈజిప్టు చేరినాడు. యుద్ధం వచ్చి తిరుగు దారి ప్రమాదకరమైంది. తూర్పుదిక్కుగా చుట్టివచ్చి స్వదేశం చేరుదామని జపాను వెళ్ళినాడు. 1917 జూన్ 15న టోక్యోలోని ఒక హోటలు గదిలో, మందు మోతాదు మించి, విగతజీవుడై కనబడినాడు. వయస్సు నలుబదితొమ్మిదేండ్లు.

ఆయన పోయిన దాదాపు అర్ధశతాబ్దికి సాక్ష్యం దొరికింది. నౌకలకు దారి చూపడానికి అమెరికా నౌకాదళం ట్రాన్సిట్ అనే ఉపగ్రహాలను ప్రయోగించింది. ఆ కుటుంబానికి చెందిన ఒక ఉపగ్రహం 1963లో అయస్కాంతమాపకంతో ధ్రువాలమీదుగా తిరిగి, జ్యోతి ప్రాంతంపైన వింత కదలికలను నమోదు చేసింది. ఆ వివరాలు 1966లో వెలువడినాయి. మరుసటి యేడే అవి అయస్కాంత రేఖల వెంట సాగే ప్రవాహాల గుర్తులని శాస్త్రజ్ఞులు గ్రహించినారు. 1972లో ఎగసిన ట్రయాడ్ ఉపగ్రహం సందేహానికి తావు లేకుండా చేసింది. నేడు వాటిని బిర్కెలాండు ప్రవాహాలనే పిలుస్తారు. 1994లో నార్వే తన 200 క్రోనర్ల నోటుమీద ఆయన చిత్రాన్ని ముద్రించింది.

దారి చూపే ఉపగ్రహమే ఆయన మాటను నిలబెట్టడం ఒక విశేషం. ఆ ప్రవాహాలే నేడు దారి చూపే ఉపగ్రహాలకు విఘ్నం కలిగించడం మరొక విశేషం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ పంపే సంకేతం, అయానులతో నిండిన పైగాలి పొరను దాటి రావాలి. ఆ పొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం మీటర్ల దోషంగా పరిణమిస్తుంది. ఉత్తరజ్యోతి విజృంభించినపుడు ఆ పొర తునాతునకలై, సంకేతం నక్షత్రంవలె మిణుకుమంటుంది, ఒక్కొక్కప్పుడు తెగిపోతుంది. పైగా ఆ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీలే వాలి ఉన్నందున, ధ్రువం వద్ద అవి నడినెత్తికి రావు. సంకేతం ఏటవాలుగా, ఎక్కువ దూరం ఆ పొరలో నడవాలి. అందువల్లనే ట్రామ్సో, స్వాల్‌బార్డ్ మొదలైన చోట్ల రాడార్లూ, సంకేతగ్రాహకాలూ ఆ పొరను నిత్యం కనిపెడుతున్నవి.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 2024 మే నెలలోని సౌరతుఫానుకు లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎరుపెక్కింది. అమెరికాలో విత్తులు చల్లే వేళ ఉపగ్రహాల ఆధారంతో నడిచే ట్రాక్టర్లు దారి తప్పినవి. అయస్కాంత మధ్యరేఖకు చేరువైన మన దక్షిణదేశంలోనూ, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆ పొర వేరొక కారణాన అల్లకల్లోలమవుతుంది. విమానాలకు తోడ్పడే మన గగన్ వ్యవస్థకోసం, ఆ అలజడిని హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ పరిశోధించినారు.

కోడేరు పొలంగట్టున నిలిచిన రైతు చేతి ఫోనులో తన చోటును చూపే చిన్న చుక్క స్థిరంగా నిలవడం వెనుక, ఎక్కడో మంచుకొండమీద చలికి వణకుతూ సూచిక ముల్లును చూచిన వారి శ్రమ ఉన్నది. తాను నమ్మిన సత్యం లోకం ఒప్పుకోగా చూచే భాగ్యం బిర్కెలాండుకు లేకపోయింది. అయినా ఆయన కొలతలు చెదరలేదు. ఆయన వదలిపోయిన అంకెలే అర్ధశతాబ్దం తరువాత ఆయన తరఫున మాట్లాడినవి.