దక్షిణాది తెలుగుకు చరిత్ర రాసిన నిడుదవోలు వేంకటరావు గారు



విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు మన కుటుంబాల్లో ఒక మాట తరచు వింటుంటాం. మనది ఇంట్లో మాట్లాడుకునే తెలుగేగానీ పుస్తకాల తెలుగు కాదని, అసలు తెలుగంతా ఆంధ్రాలోనే ఉందని. ఇలా అనుకునే పెద్దలు కూడా నిడుదవోలు వేంకటరావు గారి గురించి తెలుసుకోవాలి.

ఆయనది ఈ వైపు కాదు. 1903లో విజయనగరంలో పుట్టారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పనిలో కొంతకాలం ఉండి, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో చేరి, ఆ శాఖకు అధ్యక్షులయ్యారు.

రాయలవారి తర్వాతి కాలాన్ని చాలామంది విమర్శకులు క్షీణయుగం అని దాటేసేవాళ్లు. కానీ ఆ కాలంలోనే తంజావూరు, మధుర, పుదుక్కోట దర్బారుల్లో తెలుగు కావ్యాలు, యక్షగానాలు, నిఘంటువులు పుట్టాయి. వేంకటరావు గారు వాటన్నిటినీ ఒకచోట చేర్చి 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము' రాశారు. ఇంగ్లీషులోనూ ఈ విషయం మీద గ్రంథం ఇచ్చారు.

ఈ పని ఎట్లా చేస్తారో పిల్లలకు చెప్పాలి. తాటాకు ప్రతులకు మన పుస్తకాల్లాగా అట్ట, ముద్రణ సంవత్సరం ఉండవు. కావ్యంలో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. కవి ఎవరు, తండ్రి ఎవరు అనేది అక్కడ దొరుకుతుంది. ఏ రాజుకు అంకితమిచ్చాడో చూస్తే కాలం తెలుస్తుంది. ఒకే కావ్యానికి నాలుగు ప్రతులుంటే నాలుగూ పోల్చి చదవాలి. కళ్లు పోయే పని!

మనకు దగ్గరి మధుర సంగతి చూడండి. అక్కడి నాయకరాజు విజయరంగ చొక్కనాథుడు (1706–1732) స్వయంగా తెలుగు వచనంలో 'శ్రీరంగ మాహాత్మ్యం' రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'జైమిని భారతం' వచనంగా రాశాడు. పద్యానికే గౌరవం దక్కే రోజుల్లో వచనాన్ని దర్బారు ఎక్కించిన ఊరు మధుర. వేంకటరావు గారు 'ఆంధ్ర వచన వాఙ్మయము' అని దీనికి వేరే పుస్తకమే రాశారు.

ఇంకా దగ్గరి సంగతి ఒకటి నేను కలుపుతాను. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో తెలుగు లిపిలో అచ్చయింది. ఎక్కడనుకున్నారు? కోవిల్‌పట్టి పక్కనున్న ఎట్టయపురంలో!

వేంకటరావు గారు 1982లో కాలం చేశారు. ఇప్పుడు మన పిల్లలు అవ్వతో తెలుగు గలగలా మాట్లాడతారు, ఆ అవ్వ పెట్టెలోని కాగితం ఇస్తే చదవలేరు. ఇంకో తరం పోతే అది తెలుగని గుర్తుపట్టేవాళ్లే ఉండరు.

మీ ఇళ్లలో పాత తాటాకులు, చేతిరాత నోటుపుస్తకాలు, దస్తావేజులు ఉంటే చెదలకు వదలకండి, పాతసామాను వాడికి వేయకండి. నూనె, పసుపు రాసి శుభ్రం చేయాలని చూడకండి, ఉన్నది ఉన్నట్టే బడికి తెచ్చి చూపించండి. ఎనిమిదో తరగతి పైపిల్లల చేత ఫొటో తీయించి, చదవగలిగినంత చదివించి, మీవి మీకే తిరిగి ఇచ్చేస్తాం.