అగ్నిపర్వతాల బాటలో హంబోల్ట్

ఆఫ్రికా వాయవ్యతీరానికి ఎదురుగా, అట్లాంటిక్ మహాసముద్రంలో, స్పెయిన్ దేశానికి చెందిన తెనెరీఫె అనే ద్వీపం ఉన్నది. దాని నడుమ తేయిదే అగ్నిపర్వతం 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున నిలిచి ఉన్నది. ఆ ప్రదేశాన్ని 1954లో జాతీయోద్యానంగా ప్రకటించారు; 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. నేడు అక్కడ గుర్తులు నాటిన కాలిబాటలున్నాయి. శిఖరానికి చేర్చే కడపటి బాటకు అనుమతిపత్రం కావాలి. ఈ ఏర్పాట్లేవీ లేని 1799 జూన్ మాసంలో, ముప్పై ఏండ్లు నిండని ఒక జర్మన్ యువకుడు ఆ కొండ ఎక్కాడు. ఆయనే అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్.

మన భూగోళ పాఠాలలో ఈ పేరు పెరూ తీరాన పారే చల్లని సముద్రప్రవాహానికి పెట్టిన పేరుగా మాత్రమే కనిపిస్తుంది. ఆయన సుదీర్ఘ జీవితంలో అగ్నిపర్వతాలకు సంబంధించిన భాగాన్నే ఇక్కడ స్మరించదలచాము. గురువు నేర్పిన సిద్ధాంతాన్ని ఒక శిష్యుడు కాలినడకన వెళ్ళి పరీక్షించుకున్న కథ అది.

హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్ నగరంలో జన్మించాడు. పదవ ఏటనే తండ్రి గతించాడు. 1790లో రైన్ నదీతీరపు నల్లరాళ్ళను గూర్చి తొలి గ్రంథం ప్రకటించి, మరుసటి సంవత్సరం ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో వెర్నర్ పండితుని శిష్యుడైనాడు. బసాల్టు అనే ఆ నల్లరాయి పుట్టుకను గూర్చి ఆనాడు యూరపు విద్వాంసులు రెండు పక్షాలుగా చీలి వాదించుకునేవారు. అది ఆదిసముద్రపు నీటిలో పేరుకొని గట్టిపడినదని వెర్నర్ పక్షం. భూగర్భాగ్నిలో కరిగి పైకుబికినదని రెండవ పక్షం. అగ్నిపర్వతాలు భూమిలోపలి బొగ్గుపొరలు రగలడంవల్ల ఏర్పడిన చిల్లర విషయాలని వెర్నర్ బోధించేవాడు. శిష్యుడూ గురువు పక్షమే.

చదువు ముగిశాక ప్రష్యా ప్రభుత్వపు గనుల శాఖలో ఉద్యోగం లభించింది. అక్కడ గనికార్మికుల కోసం ఆయన తన సొంత సొమ్ముతో ఒక పాఠశాల నెలకొల్పాడు. 1796లో తల్లి మరణించగా సంక్రమించిన ఆస్తిని దూరయాత్రలకై వినియోగించ నిశ్చయించి ఉద్యోగం వదలుకున్నాడు.

ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బోన్‌ప్లాంతో కలిసి అమెరికాకు పోతూ, దారిలో ఓడ ఆగిన కొద్ది రోజులలోనే తేయిదేను ఎక్కాడు. దిగువన ద్రాక్షతోటలు, ఆపైన అడవి, ఇంకా పైన పొదలు, చివరకు చెట్టుచేమ లేని బూడిదరంగు నురుగురాయి. ఎత్తు పెరిగేకొద్దీ వృక్షజాలం మెట్లుమెట్లుగా మారడం ఆయన కన్ను విడువలేదు. శిఖరంపై చేతులు చలికి కొంకర్లు పోతుంటే, కాళ్ళకింది వేడినేల పాదరక్షలను కాల్చింది.

పిమ్మట దక్షిణ అమెరికాలో, కీటో నగరం చెంతనున్న పిచించా అగ్నిపర్వతపు బిలం అంచున బోర్లా పడుకొని, భూమి కంపిస్తూ ఉండగా లోపలికి తొంగిచూశాడు. 1802 జూన్ 23న చింబొరాసో కొండ ఎక్కనారంభించాడు. ప్రపంచంలో దానిని మించిన శిఖరం లేదని నాటి నమ్మకం. ఎముకలు కొరికే చలి, చిగుళ్ళనుండి నెత్తురు, కమ్ముకున్న మంచు; మార్గదర్శకులలో పలువురు వెనుదిరిగారు. ఒక లోతైన చీలిక అడ్డుపడగా ఆయన కూడా శిఖరం చేరకుండానే దిగివచ్చాడు. తాము చేరిన ఎత్తు సుమారు 5,900 మీటర్లని లెక్కగట్టాడు. ఆ ఓటమే మాకు ఎక్కువ ఫలవంతంగా తోస్తున్నది: ఏ ఎత్తున ఏ మొక్క పెరుగునో కొండబొమ్మపైనే చూపే ప్రసిద్ధ చిత్రపటం ఆ యాత్రల ఫలం. నేడు చింబొరాసో పరిసరాలు ఈక్వడార్ దేశపు వన్యప్రాణి సంరక్షణ ప్రదేశం. ఒంటెజాతికి చెందిన వికూన్యాలు అక్కడ స్వేచ్ఛగా మేస్తాయి.

మెక్సికోలో 1759లో చెరకు, నీలిమందు పొలాల నడుమ పుట్టుకొచ్చిన హొరూయో అగ్నిపర్వతాన్ని 1803లో చూశాడు. అగ్నిపర్వతాలు వరుసలు తీరి ఉండడం గమనించి, అవి భూమి లోతులలోని దీర్ఘమైన పగుళ్ళపై నిలిచినవని ఊహించాడు. బొగ్గుపొరల వాదం ఇక నిలువలేదు. గురువుపై గౌరవం ఎంత ఉన్నా, తన తొలి గ్రంథమే తప్పవుతున్నా, నల్లరాయి అగ్నిజన్యమేనని అంగీకరించాడు. ఆయనకూ పొరపాట్లు లేకపోలేదు: హొరూయో వద్ద నేల బుడగవలె ఉబ్బి కొండ అయినదని ఆయన చేసిన ఊహను తరువాతివారు తిరస్కరించారు.

మన దేశాన్ని, హిమాలయాలను చూడవలెనని ఆయన ఎంతగానో కోరుకున్నాడు. 1814 తరువాత పలుమార్లు లండన్ వెళ్ళి ప్రయత్నించినా ఈస్టిండియా కంపెనీ అనుమతి దొరకలేదు. స్పెయిన్ వలసపాలనలోని అన్యాయాలను, బానిసత్వాన్ని నిర్భయంగా ఖండించిన రచయితను కంపెనీవారు రానిచ్చి ఉంటే ఏమేమి వ్రాసేవాడో! నష్టపోయినది మనమే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం ఉబికిన లావా పొరలుపొరలుగా గడ్డకట్టిన దక్కను పీఠభూమి ఇక్కడే ఉన్నది. వికారాబాదు దగ్గరి అనంతగిరి అడవిబాటల్లో తిరిగినవారు ఆ పీఠభూమి తూర్పు అంచున నడచినవారే. అక్కడి ఎర్రమట్టి కింద ఉన్నది ఆయన జీవితమంతా వెదకిన ఆ నల్లరాయే. ఆయన సిఫారసుపై 1854లో బయలుదేరిన ష్లాగింట్‌వైట్ సోదరులు బొంబాయినుండి దక్కను మీదుగా మద్రాసు చేరారు. వృద్ధుడైన హంబోల్ట్ ఈ దేశాన్ని వారి ద్వారానే తెలుసుకోవలసి వచ్చింది.

పిత్రార్జితమంతా యాత్రలకు, గ్రంథముద్రణకు కరిగిపోయింది. చివరి రోజులలో రాజు ఇచ్చే భృతితో బెర్లిన్‌లో కాలం గడుపుతూ కాస్మోస్ అనే మహాగ్రంథం వ్రాశాడు. 1859 మే 6న, ఎనుబది తొమ్మిదవ ఏట కన్నుమూసేనాటికి దాని అయిదవ సంపుటం ఇంకా పూర్తికాలేదు.