సైకిలు తపస్వి వెలోసియో

చేతనున్న వస్తువుతో తృప్తిపడక, దానిని నిత్యమూ మెరుగుపరచవలెనని తహతహలాడడం కొందరికి వ్యసనం. ఆ వ్యసనమే ఒక్కొక్కప్పుడు లోకోపకారమవుతుంది. ఇందుకు ఫ్రాన్సు దేశీయుడైన పాల్ ద వివీ జీవితం చక్కని తార్కాణం. 'వెలోసియో' అన్న కలంపేరుతో ఆయన సైకిలు ప్రియులకు ప్రాతఃస్మరణీయుడైనాడు.

ఆయన 1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్‌లో జన్మించాడు. పెద్దవాడై సెయింట్ ఎటియెన్ నగరంలో పట్టు వర్తకం సాగించాడు. 1881లో, ఇరవై ఎనిమిదేళ్ల ప్రాయంలో, ముచ్చటపడి మొదటి సైకిలు కొన్నాడు. ముందు చక్రం ఛాతీ ఎత్తు, వెనుక చక్రం మరీ చిన్నది, అదీ ఆనాటి సైకిలు. ఆ ముచ్చట ఆయన జీవితాన్నే మళ్లించింది. 1887లో పట్టు వర్తకం విడిచి సైకిళ్ల దుకాణం తెరిచాడు. అదే యేట, అనంతరం 'ల సిక్లిస్త్' పేరుతో ప్రసిద్ధమైన పత్రికను స్థాపించాడు. పరుల సైకిళ్లను అమ్మడంతో తనివితీరక, 'లా గొలువాజ్' అనే పేరున తానే ఒక సైకిలును తయారుచేశాడు.

ఆ సీమ కొండలమయం. ఆనాటి సైకిలుకు ఉన్నది ఒక్కటే గేరు. చదునునేలకు తగినట్లు అమరిస్తే బండి ఎత్తున మొరాయిస్తుంది. ఎత్తుకు తగినట్లు అమరిస్తే చదునున కాళ్లు ఊరకే గిరగిర తిరుగుతాయి. వెలోసియో రెండు పళ్లచక్రాలు బిగించి, బండి దిగి, గొలుసును చేతితో ఒకదానిపైనుంచి మరొకదానిపైకి మార్చి చూశాడు. పిమ్మట రెండు గేర్లు నాలుగయ్యాయి. అయినా ఆయనకు తృప్తి లేదు. ఏ కొత్త అమరిక చేసినా దానిని ఊరి సమీపాన 1161 మీటర్ల ఎత్తున ఉన్న రిపబ్లిక్ కనుమకు ఎక్కించి చూడవలసిందే. ఆయన పనికి ఆ కొండయే పరీక్షాధికారి.

ఇన్ని గేర్లెందుకని పరిహసించినవారూ లేకపోలేదు. టూర్ ద ఫ్రాన్స్ పందాన్ని 1903లో నెలకొల్పిన ఆన్రీ దెగ్రాంజ్‌కు, గెలువవలసినది కండబలమే కాని యంత్రం కాదని దృఢాభిప్రాయం. వెలోసియో మాత్రం తన అనుభవాలన్నిటినీ దాచక పత్రికలో ప్రకటించాడు. స్వయంగా వందల మైళ్లు తొక్కి చూపాడు. అభిమానులు ఆ కనుమ మీదనే ఆయనకు స్మారకచిహ్నం నెలకొల్పారు.

1930 ఫిబ్రవరిలో, డెబ్బై ఆరేళ్ల ప్రాయంలో, సైకిలును నడిపించుకుంటూ వీధి దాటుతుండగా ట్రాము తగిలి ఆయన కన్నుమూశాడు. ఆ పందంలో గొలుసు మార్చే గేర్లకు అనుమతి లభించినది 1937లో. ఆ విజయాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

నలుగురి కంట మెరవడానికి బండిని మార్చేవారు ఎందరో ఉంటారు. బడలిన బాటసారి కొండ దాటడానికి మార్చినవాడు వెలోసియో. నేడు ఎత్తుదారిలో గేరు మార్చి, దిగకుండా పైకి సాగిపోయే ప్రతి విద్యార్థీ ఆయనకు ఋణపడినవాడే.