అన్నం పెట్టి అక్షరం నేర్పిన కులపతి

కులపతి అనే మాట నేడు విశ్వవిద్యాలయాలలో ఒక పదవికి పేరుగా వాడుకలో ఉన్నది. మన పెద్దలు ఈ మాటకు చెప్పిన అర్థం వేరు. పదివేలమంది శిష్యులకు అన్నం పెట్టి, ఆశ్రయమిచ్చి, విద్య నేర్పిన ఋషిని వారు కులపతి అన్నారు. మహాభారత కథాశ్రవణం జరిగిన నైమిశారణ్యంలో శౌనక మహర్షికి ఆ బిరుదు ఉన్నది. ఈ నిర్వచనంలో అన్నం ముందు, విద్య తరువాత అని గమనించండి. కడుపు నిండని బిడ్డకు మంత్రం నిలువదని మన ఋషులకు తెలుసు.

ఈ అర్థానికి తగినట్లు బ్రతికి, తెలుగువారిచేత కులపతి అనీ బ్రహ్మర్షి అనీ పిలిపించుకున్న ఆచార్యులు రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు. వారి జీవితాన్ని ఈ ఆదివారం మీ ఇంటిల్లిపాదీ కలిసి స్మరించాలని ప్రార్థిస్తున్నాను.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. ఆ ఉద్యోగం కారణంగా బాల్యం తెలుగుదేశానికి దూరంగా నాగపురం ప్రాంతంలోనూ, ఆపై హైదరాబాదులోనూ గడిచింది. ఉన్నత విద్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో సాగింది. అక్కడి అధ్యక్షులు విలియం మిల్లరు దొర శిష్యులను పుత్రవాత్సల్యంతో చూసినవారు. మతం వేరైనా ఆ గురువు చూపిన వాత్సల్యాన్ని నాయుడుగారు జీవితాంతం మరువలేదు. తాము పొందినదానిని తమ శిష్యులకు వెయ్యింతలుగా పంచిపెట్టారు. గురుఋణం తీరే మార్గం ఇదేనని శాస్త్రజ్ఞులు చెబుతారు.

యౌవనంలోనే వారికి భార్యావియోగం కలిగినది. మరల వివాహం చేసుకోలేదు. శ్వేతవస్త్రాలు ధరించి, నియమబద్ధమైన జీవితం గడిపారు. సొంత సంసారం అంతటితో ముగిసినా, ఆ ఇల్లు మాత్రం ఏనాడూ బోసిపోలేదు. దిక్కులేని విద్యార్థులతో అది నిండిపోయినది.

మచిలీపట్నం నోబుల్ కళాశాలలో వారు బోధించిన కాలంలో పట్టాభి సీతారామయ్యగారు వారి శిష్యులు. పట్టాభిగారికి పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి ఎన్నో కష్టాలకోర్చి బిడ్డలను చదివించినది. ఆ విద్యార్థి తరువాత వైద్యుడై, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1948లో జాతీయ కాంగ్రెసుకు అధ్యక్షుడైనాడు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యేవరకు తెలుగింటి బ్యాంకుగానే నిలిచినది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ముట్నూరి కృష్ణారావుగారు కూడా నోబుల్ కళాశాలలో నాయుడుగారి ప్రభావంలో ఎదిగినవారే. వారు 1907 నుండి 1945లో పరమపదించేవరకు కృష్ణాపత్రికను నడిపి తెలుగుజాతిని మేల్కొలిపారు. తండ్రి నీడ లేని బిడ్డలు పదిమందికి నీడనిచ్చే వృక్షాలైనారు. ఆ ఎదుగుదలలో ఒక గురువు పోసిన నీరు ఉన్నది.

తరువాత కొంతకాలం నాయుడుగారు సికింద్రాబాదు మహబూబ్ కళాశాలకు అధ్యక్షులుగా పనిచేశారు. అక్కడినుండి కాకినాడకు వచ్చి, పిఠాపురం రాజావారి కళాశాల బాధ్యత స్వీకరించి, 1919 వరకు సుమారు పదిహేనేళ్ళు దానిని నడిపారు. పిఠాపురం ప్రభువులు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావుగారు వారిని గురువుగా భావించి, గురువు కోరిన సత్కార్యాలకు ధనం సమకూర్చారు. నాయుడుగారి ప్రేరణతో కాకినాడలో అనాథశరణాలయం వెలసినది. బాలికలకూ, అంటరానివారని ఊరు దూరంగా ఉంచిన కుటుంబాల బాలురకూ ఆ కళాశాల ద్వారాలు తెరుచుకున్నాయి. తమ జీతంలో అధికభాగం పేదవిద్యార్థులకే వెచ్చించిన అధ్యక్షులు వారు. అనాథలను ఇంటిలో ఉంచుకొని కన్నబిడ్డలవలె పెంచినారు.

పాఠకులారా! మన దేశంలో వారాలు చేసుకొని చదువుకొనే ఆచారం ఒకటి ఉండేది. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం చేస్తూ, ఏడు ఇళ్ళ తల్లుల చేతి అన్నంతో ఒక బాలుడు విద్యావంతుడయ్యేవాడు. నాకు వేదం చెప్పిన గురువుల తరంలో ఇలా చదువుకున్నవారు అనేకులు. ఆ తల్లుల ఋణం వేదవిద్య ఎన్నటికీ తీర్చుకోలేదు. అయితే సత్యం మరొకటి కూడా చెప్పాలి. ఆ వారాలు సాధారణంగా స్వకులంవారికే దొరికేవి. గోత్రం అడిగిన తరువాతనే విస్తరి వేసేవారు. అడగవలసిన గోత్రమే లేని బిడ్డ, అరుగు ఎక్కరాదన్న బిడ్డ ఆకలితోనే మిగిలిపోయాడు. నాయుడుగారు ఆ బిడ్డలకు కూడా తమ ఇంట విస్తరి వేశారు. దానికి ఆనాటి సంఘం వారిని మెచ్చుకోలేదు. ఎందరో ఆప్తులు దూరమైనారు. వారు తమ మార్గం విడువలేదు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం కలుగవచ్చును. నాయుడుగారు బ్రహ్మసమాజీకులు కదా! విగ్రహారాధనను అంగీకరించలేదు కదా! కులభేదాలను త్రోసిపుచ్చి, వితంతు వివాహాలను సమర్థించిన సంస్కర్త కదా! నిత్యం అర్చామూర్తికి అభిషేకం చేసే అర్చకుడు వారిని కీర్తించడం తగునా? మహాకవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివంటి సంప్రదాయ పండిత వంశీయులు కాకినాడలో వారి ప్రభావానికి లోనైనప్పుడు ఛాందస కుటుంబాలు కలతచెందాయి. ఆ కలత అర్థం చేసుకోదగినదే. ఆరాధన విషయంలో నా మార్గం వేరు, వారి మార్గం వేరు. ఈ భేదాన్ని దాచి వారిని పొగడితే అది వారికే అవమానం.

అయినా వేదం చదివినవాడిగా నాకు రెండు విషయాలు మనస్సులో మెదులుతున్నవి. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆవహంతీ హోమం ఉన్నది. ఇప్పటికీ అనేక గృహాలలో, ఆలయాలలో దానిని జరిపించుకుంటున్నాము. అందులో ప్రార్థన చేసేది ఆచార్యుడు. వస్త్రాలు కావాలి, గోవులు కావాలి, అన్నపానాలు కావాలి అని మొదట కోరుతాడు. ఆ వెంటనే బ్రహ్మచారులు అన్నివైపులనుండి తనవద్దకు రావాలని వేడుకొంటాడు. ఆ సంపద ఎవరికోసమో ఈ క్రమమే చెబుతున్నది. రెండవది ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుని కథ. తండ్రి ఎవరో, గోత్రమేదో తెలియని బాలుడు ఆ సత్యాన్నే గురువు ముందు విన్నవించుకున్నాడు. హారిద్రుమత గౌతముడు అతని సత్యనిష్ఠను చూసి శిష్యునిగా స్వీకరించాడు. నాయుడుగారి ఇంట చేరిన అనాథ విద్యార్థులను తలచినప్పుడల్లా నాకు సత్యకాముడే జ్ఞప్తికి వస్తాడు. గుడికి రాని ఆ మహనీయుడు ఉపనిషత్తు చెప్పిన పని చేశారు. గుడికి వచ్చే మనం ఆ పనిని ఎంతవరకు చేస్తున్నామన్నదే నన్ను వేధించే ప్రశ్న.

1924లో ఆంగ్ల ప్రభుత్వం వారికి సర్ బిరుదమిచ్చినది. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆ రోజులలో ఒక తెలుగువానికి అంతటి విద్యాపదవి లభించడం సామాన్యం కాదు. 1939 మే 26వ తేదీన, 76 ఏళ్ళ వయస్సులో వారు భౌతికదేహం చాలించారు. ఒకప్పుడు ఏ ఆసరా లేక వారి గడప తొక్కిన బిడ్డలు అప్పటికి గృహస్థులై, ఉద్యోగులై, ఉపాధ్యాయులై ఉన్నారు. పుత్రులు చేయవలసిన స్మరణ ఆ శిష్యులందరూ చేశారు.

నేటికాలంలో అటువంటి బిడ్డలు లేరని భ్రమించకండి. మన ఊళ్ళలోని విశ్వవిద్యాలయ వసతిగృహాలకు సంక్రాంతి సెలవులలో ఒకసారి వెళ్ళి చూడండి. అందరూ ఊళ్ళకు పోగా, పోవడానికి ఇల్లులేని ఒకరిద్దరు గదులలో మిగిలి ఉంటారు. బాలల ఆశ్రమంలో పెరిగిన పిల్లవానికి 18 ఏళ్ళు నిండితే ఆ చూరు విడువవలసి వస్తుంది. తల్లిదండ్రులు పోయినవారు, ఇంట్లోవారు కాదన్నవారు, వంశంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కి దారి అడగడానికి మనిషి లేనివారు ఉన్నారు. ప్రభుత్వం ఫీజు చెల్లించవచ్చును. జ్వరం వచ్చిన రాత్రి తల నిమిరే చేయి ప్రభుత్వానికి లేదు. పరీక్ష తప్పిన రోజున ధైర్యం చెప్పే పెద్దదిక్కు కావాలి. ఉద్యోగానికి తొలిసారి పోయేనాడు పాదాలకు నమస్కరించడానికి ఒక ఇల్లు కావాలి.

గృహస్థులారా! వందమందిని పోషించమని ఎవరూ మిమ్మల్ని అడగడం లేదు. మీ పట్టణంలోని కళాశాల అధ్యాపకులను కలిసి, అటువంటి విద్యార్థి ఒకరి విషయం తెలుసుకోండి. వారంలో ఒకరోజు భోజనానికి పిలవండి. పాత వారాల ఆచారాన్ని కులగోత్రాలు అడగకుండా మళ్ళీ మొదలుపెట్టండి. ఆ బిడ్డ చదువు ఎలా సాగుతున్నదో ఓపికతో వినండి. ఉగాదినాడు మీ పిల్లలకు బట్టలు కొన్నప్పుడు ఒక జత అదనంగా కొనండి. చేసిన ఉపకారాన్ని పదేపదే గుర్తుచేసి ఆ బిడ్డను చిన్నబుచ్చకండి. చదువు పూర్తికాగానే తెంచుకోకండి. ఆ బిడ్డ పెళ్ళికి పెద్దలుగా నిలబడండి. మా ఆలయాల అన్నదాన పంక్తులలో కూడా ఈ విద్యార్థులకు ఒక చోటు కేటాయించాలని తోటి అర్చకులకూ, ధర్మకర్తలకూ మనవి చేస్తున్నాను.

రేపు ఉదయం పూజామందిరంలో నైవేద్యం పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ప్రసాదం పంచుకోవడానికి మీ గడప దగ్గరలో ఎవరు ఎదురుచూస్తున్నారో విచారించి, సాయంత్రానికల్లా వారిని ఇంటికి పిలవండి. సర్వేశ్వరుడు మీ ఇంట అన్నాన్నీ, దానిని పంచుకొనే మనస్సునూ అక్షయం చేయుగాక!