పరదేశి ఒడిలో పెరిగిన బిడ్డ

సముద్రము దాటి వచ్చి, తాము కనని బిడ్డలకు తల్లియు తండ్రియునైన వారు సంఘచరిత్రలో అక్కడక్కడ కనబడుదురు. తరచుగా వారి పేర్లు వారు పెంచిన బిడ్డల జీవితచరిత్రలలోనే మిగులును. కారు నికోబారు ద్వీపమున వేదప్పన్ సాలొమోను గారు అట్టివారు. ఆయన చేరదీసిన బిడ్డయే బిషప్ జాన్ రిచర్డ్‌సన్.

విశాఖపట్టణమున ఓడ యెక్కి అండమానుకు పోయిన మనవారనేకులు ఈ పేరు వినియుందురు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లేయరుకు దక్షిణముగా సుమారు 270 కిలోమీటర్ల దూరమున కారు నికోబారు కలదు. పగడపు నేల, కొబ్బరి తోటలు, తుహెత్ అను పెద్ద ఉమ్మడి కుటుంబములు, ఇదియే ఆ ద్వీపము. 1768లో మొరేవియన్ మిషనెరీలు నికోబారు దీవులలో సువార్తపని ప్రారంభించి, జ్వరములకు అనేకులను బలియిచ్చి, సుమారు ఇరువది యేండ్లకు విడిచిపోవలసివచ్చెను. సమాధులు తప్ప ఫలమేమియు కనబడలేదు.

నూరేండ్ల పైచిలుకు గడచిన పిమ్మట, 1890వ దశకమున, సాలొమోను గారు ముస్ గ్రామమునకు వచ్చిరి. ఆయన తమిళ ఉపదేశి. ప్రభుత్వపు ఏజెంటుగా వ్యాపారపు ఓడల లెక్కలు వ్రాయుట, వాతావరణమును గుర్తించుట ఆయన ఉద్యోగము. పాఠశాల నడుపుట, సువార్త చెప్పుట ఆయన పిలుపు. ద్వీపవాసుల ఆచారములను ఆయన దినచర్యలో ఓపికతో వ్రాసియుంచగా, తరువాత సర్ రిచర్డ్ టెంపుల్ వాటిలో కొన్ని భాగములను ప్రచురించెను. పరుల బిడ్డలను ప్రేమింపగోరువాడు మొదట వారి ఇంటి మర్యాదలు నేర్చుకొనవలెను గదా!

ఆ పాఠశాలకు వచ్చిన బాలురలో 1884లో ముస్‌లో జన్మించిన హా చెవ్ కా ఒకడు. జాన్ రిచర్డ్‌సన్ అనునది అతనికి తరువాత వచ్చిన పేరు. బాలుని తెలివిని గుర్తించి, బర్మాలోని మండలే మిషను పాఠశాలకు అతనిని పంపిరి. చదువు ముగిసిన పిమ్మట రంగూనులోనో మండలేలోనో కొలువు వెదకుకొనుట అతనికి కష్టము కాకపోవును. అయినను అతడు ముస్‌కే తిరిగివచ్చెను. అప్పటికి సాలొమోను గారు ప్రభువునందు నిద్రించియుండిరి. గురువు విడిచిన బడిలో శిష్యుడు ఉపాధ్యాయుడాయెను.

కన్నతల్లి పలికిన భాషలో వాక్యము లేని లోటు రిచర్డ్‌సన్ గారిని వెంటాడెను. లిపిలేని ఆ భాషను రోమను అక్షరములలో వ్రాయుచు, జార్జ్ వైట్‌హెడ్ దొరగారికి తోడ్పడి, ఆపై తానే అనువాదభారమును వహించిరి. 1934లో గురుపట్టాభిషేకము పొందిరి.

1942లో జపానుసేన ద్వీపమును ఆక్రమించెను. విమానస్థలము కట్టుటకై ప్రజలచేత వెట్టిచాకిరి చేయించిరి. యుద్ధము ముగియనున్న 1945లో, శత్రువులకు సైగలు చేయుచున్నారను నిందమోపి, అనేకులను చిత్రహింసలు పెట్టి చంపిరి. అక్షరము నేర్చినవారే మొదట అనుమానమునకు గురియైరి. రిచర్డ్‌సన్ గారు తన స్వంత కుమారుని పోగొట్టుకొనిరి. తామును మరణపుటంచు వరకు పోయిరి. పెంచిన సంఘము చెదరెను, కన్నబిడ్డ పోయెను. ఆ దుఃఖము ఎంతటిదో బిడ్డలను పాతిపెట్టిన తలిదండ్రులే యెరుగుదురు. 1946లో సింగపూరులో ఆ హత్యలపై విచారణ జరిగెను.

ఆశ్చర్యమేమనగా, తరువాతి కొలది సంవత్సరములలోనే ద్వీపవాసులు ఊళ్లకు ఊళ్లుగా బాప్తిస్మము పొందిరి. తమతో కూడ దెబ్బలు తిని, తమను విడిచిపోని కాపరి మాటను వారు నమ్మిరి. మిషనెరీల సమాధులవలన రాని ఫలము ఇట్లు స్వజనుని కన్నీటివలన వచ్చెనని నా తలంపు.

1950లో ఆయన బిషప్‌గా అభిషేకింపబడిరి. 1952లో రాష్ట్రపతి నియామకముచే మొదటి లోక్‌సభలో అండమాను నికోబారు దీవుల ప్రతినిధిగా కూర్చుండిరి. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ బిరుదులు లభించెను. కాని ఢిల్లీ నుండి తిరిగివచ్చిన ప్రతిసారియు ఆయన చోటు ముస్‌లోని బల్లయొద్దనే; నికోబారీ బైబిలు పని ఆయన ముదిమి వరకు సాగెను.

1978 జూన్ నెలలో, తొంబది యేండ్లు దాటిన వృద్ధుడుగా, ఆయన ప్రభువు సన్నిధికి చేరిరి. కారు నికోబారులోని ప్రభుత్వ ఆసుపత్రి నేడు ఆయన పేరనే నడుచుచున్నది.